మీట యార్పిన చాలునా?

బోరబండలోని మా యింట పాత గీజరునందలి థర్మోస్టాటు చెడి, నీరు మితిమీరి క్రాఁగుచుండెను. బిడ్డకు నీళ్లు పోయుటకు ముందు చేయి ముంచి చూచితిమి గనుక గండము తప్పినది.

క్రొత్తది తెచ్చి, మీట యార్పి, మూఁత విప్పి, తీగెలపైఁ జేయి వేయఁబోతిమి. అప్పుడే వచ్చిన పనివాఁడు వారించి టెస్టరు తాఁకించెను. దాని దీపము వెలిఁగెను! పూర్వమెవరో మీటను ఫేజు తీగెకుఁ గాక న్యూట్రలు తీగెకు బిగించియుండిరి. 230 వోల్టుల విద్యుత్తు లోపలనే పొంచియుండెను. మా తొందరపాటునకు మేమే సిగ్గుపడితిమి.

అతఁడు మెయిను దించి, మరలఁ బరీక్షించి, మీటను ఫేజు తీగెకు మార్చి, అన్నియే యాంపియర్ల థర్మోస్టాటు నమర్చెను. తొట్టి నిండి, వేఁడినీటి కొళాయి ధారకట్టిన పిదపనే విద్యుత్తు నిచ్చెను.

మీట యార్పుట వేఱు, విద్యుత్తు పోవుట వేఱు. పని రానిచోఁ బనివానినిఁ బిలుచుటకు సంకోచము వలదు.