సీడీ అన్న నోటు పుస్తకం

మొన్న జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరకని ఊరెళ్ళాను. మాది నందవరం. ఆ పేరు చెప్పగానే చాలామంది "ఓ, చౌడేశ్వరమ్మ గుడి ఉన్న ఊరే కదా" అంటారు. కాదు మహాప్రభో! అది బనగానపల్లె దగ్గరి నందవరం. మాది ఎమ్మిగనూరు పక్కన, తుంగభద్రకి ఇవతల ఉన్న నందవరం. వాళ్ళకి గుడి ఉంది, పక్కనే 'అరుంధతి' సినిమా తీసిన నవాబు బంగ్లా కూడా ఉంది. మాకేముంది? ఒక సీడీ షాపు ఉండేది.

ఇప్పుడది లేదు లెండి. అదే గదిలో జెరాక్స్ మెషీను, ఆధార్ ప్రింట్లు, రీఛార్జీలు. మనిషి మాత్రం ఆయనే. ఊర్లో పెద్దాచిన్నా అందరికీ సీడీ అన్న. షాపులో సీడీలు పోయి ఇన్నేళ్ళైనా పేరు పోలేదు.

నేను చేసే ఉద్యోగం కూడా ఇంచుమించు ఆయన పనే. వీడియోలు చూపించే ఒక యాప్ కంపెనీలో, బెంగుళూరులో, సర్వర్ వైపు కోడ్ రాస్తాను. ఇంట్లో అవ్వకి నా ఉద్యోగం ఎలా చెప్పాలో తెలీక ఒకసారి "పెద్ద సీడీ షాపులో పని" అన్నాను. ఆమెకి వెంటనే అర్థమైంది. నాకే కాస్త ఆలస్యంగా అర్థమైంది, అదే చెప్పబోతున్నా.

మా చిన్నప్పుడు, అంటే 2005-2010 మధ్య, మా ఇంట్లో సినిమాకి వెళ్ళడమంటే ఎమ్మిగనూరు ప్రయాణం. నలుగురికి బస్సు చార్జీలు, టికెట్లు, ఇంటర్వెల్లో తినేవి.. ఏడాదికి రెండుసార్లు అయితే గొప్ప. సీడీ అయితే పది రూపాయలు. సాయంత్రం తెచ్చుకుంటే మర్నాడు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ప్లేయర్ లేనివాళ్ళకి ప్లేయరూ, టీవీ లేనివాళ్ళకి టీవీ కూడా రాత్రికి అద్దెకిచ్చేవాడు. సుగ్గికి గుంటూరు మిరపచేలకి పోయినవాళ్ళు పండక్కి ఊరొచ్చారంటే ఆ టీవీకి విశ్రాంతి ఉండేది కాదు. ఒక వాకిట్లో టీవీ పెడితే వీధంతా చాపలేసుకుని కూర్చునేది. రాత్రికి మూడు సినిమాలు. మూడోది మొదలయ్యేసరికి మెలకువగా ఉండేది ప్లేయర్ ఒక్కటే :)

ఈ తరం వాళ్ళకి చెప్పాలంటే, వీసీడీ అనేది 1993లో వచ్చిన ఫార్మాట్. బొమ్మ 352 బై 288, ఒక్కో డిస్కులో ఓ డెబ్బై నాలుగు నిమిషాలు పడుతుంది. మన సినిమాలేమో రెండున్నర గంటలు, మూడు గంటలు. కాబట్టి రెండు సీడీలు, కొన్నిటికి మూడు. 'ఒక్కడు'లో మా కర్నూలు కొండారెడ్డి బురుజు వస్తే చూసి ఈలలేసి, ఆ సీడీ అయ్యాక రెండోది గీతలు పడి ఆగిపోతే ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు. లుంగీతో తుడవడం, కొబ్బరినూనె రాయడం, పేస్టు రుద్దడం.. మేం చెయ్యని వైద్యం లేదు.

సీడీ అన్న మహాత్ముడేమీ కాదు, ముందే చెప్తున్నా. "క్లియర్ ప్రింటప్పా" అని ఇచ్చిన దాంట్లో హాల్లో జనం తలకాయలు లేచి బాత్రూంకి పోవడం కనపడేది. ఒక్క డీవీడీలో ఐదు సినిమాలున్నవి ఎక్కణ్ణుంచి వచ్చేవో అందరికీ తెలుసు. ఒరిజినల్ కవర్ల మీద అద్దెకివ్వరాదని అచ్చేసే ఉండేది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా కాపీని అద్దెకిచ్చే హక్కు కూడా హక్కుదారుదే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వాళ్ళు ఇరవై ఎనిమిది రూపాయలకే ఒరిజినల్ వీసీడీ అమ్మడం మొదలుపెట్టాక కొన్నాళ్ళు అవి తెచ్చి పెట్టాడు, కానీ వాటినీ అద్దెకే ఇచ్చాడు. ఇదీ ఆయన వ్యాపార నీతి.

ఇక అసలు విషయం, నోటు పుస్తకం. అట్టకి బ్రౌన్ పేపర్ వేసిన పొడుగు పుస్తకం. తేదీ, ఇంటి పేరు, సినిమా పేరు, ఇచ్చినది, తెచ్చినది. నా చేతిరాత బాగుంటుందని వేసవి సెలవుల్లో నన్ను కూర్చోబెట్టి రాయించేవాడు. జీతం రోజుకో సినిమా ఉచితం. నా జీవితంలో మొదటి డేటా ఎంట్రీ ఉద్యోగం అదే.

ఆ ఉద్యోగానికి రెండే రూల్సు. మొదటిది, ఎవరు ఏం తీసుకెళ్ళారో ఇంకొకరికి చెప్పకూడదు. "పోకిరి యాడబోయినాది అన్నా?" అని ఎవరైనా అడిగితే "బయటికి పోయినాది, రేపొస్తాది" అనేవాడు. ఎవరింట్లో ఉందో ఎంత అడిగినా చెప్పడు. అడిగినవాడు పక్క సందులోకి తిరగ్గానే ఏదో ఇంట్లోంచి ఆ సినిమా పాటలే వినబడేవనుకోండి, అది వేరే సంగతి.

రెండోది, కొందరు పెద్దమనుషులు చీకటి పడ్డాక వచ్చి, కౌంటర్ కింద నుంచి న్యూస్‌పేపర్లో చుట్టినవి తీసుకెళ్ళేవారు. వాటికి పేరు అడక్కుండా "భక్తి" అని రాయాలి. నేను నిజమే అనుకుని, మా ఊర్లో ఇంత భక్తి ఉందని ఇంట్లో గొప్పగా చెప్తే మా నాయిన నీళ్ళు తాగుతూ పొలమారాడు.

ఇప్పుడాలోచిస్తే ఆ పుస్తకం మామూలుది కాదు. మూడొందల ఇళ్ళ సంగతులు అందులో ఉన్నాయి. ఎవరింట్లో చుట్టాలొచ్చారు, ఎవరింట్లో టీవీ అమ్ముకున్నారు, ఎవరు తీసుకోవడం మానేశారు.. అన్నీ.

మొన్న జాతరకి వెళ్ళినప్పుడు ఆ మాటే అడిగాను. "అన్నా, ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయా?"

"యాడుండాయి? షాపు తీసేసినప్పుడే కాల్చేసినా."

"ఏంటికన్నా? పాత పేపరోళ్ళకి వేసినా నాలుగు డబ్బులొచ్చేవి కదా!"

ఆయన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. "పాత పేపరోనికి ఏస్తే యాడికి పోతాదప్పా? ఉగ్గాని బండికాడికి పోతాది. రేప్పొద్దున ఎవుడో బజ్జీల పొట్లం ఇప్పితే అండ్ల మీ నాయిన పేరుంటాది, ఇంగొకాయన పేరుంటాది. ఎవురింటి సంగతి వాళ్ళది."

డేటా డిలీషన్ మీద నేను రెండు రోజుల ట్రైనింగుకి వెళ్ళాను. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇంత సూటిగా అక్కడెవరూ చెప్పలేదు.

అమెరికాలో ఈ మాట చెప్పడానికి ఒక చట్టమే కావాల్సొచ్చింది. 1987లో రాబర్ట్ బోర్క్ అనే జడ్జిని అప్పటి అధ్యక్షుడు రీగన్ సుప్రీంకోర్టుకి నామినేట్ చేశాడు. ఆయన అద్దెకి తెచ్చుకున్న వీడియోల జాబితా ఒకటి షాపు నుంచి సంపాదించి వాషింగ్టన్‌లోని ఒక వారపత్రిక అచ్చేసింది. 146 సినిమాలు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదట. అయినా పార్టీలకతీతంగా అందరికీ దడ పుట్టింది, రేపు తమ జాబితా కూడా రావచ్చు కదా! 1988లో వీడియో ప్రైవసీ చట్టం చేసేశారు.

ఆ తర్వాత మన ఇంజినీర్ల వంతు. 2006లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు తమ సిఫార్సుల పద్ధతిని మెరుగుపరిచిన వాళ్ళకి పది లక్షల డాలర్లని పోటీ పెట్టి, పేర్లు తీసేసి దాదాపు ఐదు లక్షల మంది ఇచ్చిన పది కోట్ల రేటింగులు బయటపెట్టారు. టెక్సస్ యూనివర్సిటీలో అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అనే ఇద్దరు వాటిని ఐఎండీబీలో జనం బాహాటంగా ఇచ్చిన రేటింగులతో పోల్చి, పేర్లు తీసేసినా కొందరిని గుర్తుపట్టొచ్చని నిరూపించారు. కోర్టు కేసు పడింది. 2010లో రెండో పోటీని రద్దు చేసుకున్నారు. మన దేశంలో వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది. మా సీడీ అన్న అప్పటికే పుస్తకాలు కాల్చేశాడు.

ఇక్కడితో ఆపితే "పాత రోజులే మేలు" అని ముగించినట్టు ఉండేది. కానీ అన్న అన్న ఆ మాటలో 'మీ నాయిన పేరు' అని ఉంది కదా, అది నా బుర్రలో తిరుగుతూనే ఉంది. వెళ్ళేముందు అడిగేశా. "అన్నా, మా నాయిన ఏం సినిమాలు తీసుకునేవాడు?"

"మీ నాయిన్నే అడుగుపో" అన్నాడు. పదహారేళ్ళైనా, పుస్తకం లేకపోయినా, రూలు రూలే.

ఆ రాత్రి మిద్దె మీద పడుకుని నాయిన్ని అడిగా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

2009 అక్టోబర్ వరద మీకు గుర్తుండే ఉంటుంది. కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది. ఆ ఏడు మా నాయిన నాగలదిన్నె వైపు ఏటి పక్కన పొలం కౌలుకి తీసుకుని పత్తి పెట్టాడు. నీళ్ళు తీసేసరికి చేను లేదు, ఇసుక మేట ఉంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. నష్టం వచ్చిందని తెలుసు కానీ ఎంతని తెలీదు. నాకు గుర్తున్నదల్లా, ఆ తర్వాత నాయిన రోజూ సీడీలు తెచ్చుకుని రాత్రంతా టీవీ ముందు కూర్చోవడం, అమ్మ "అప్పులోళ్ళు వాకిట్లో ఉంటే నీకు సినిమాలా" అని ఏడవడం. నాకూ కోపమే. ఆయన మీద ఆ కోపం చాలా ఏళ్ళు ఉంది నాకు, నిజం చెప్పాలంటే.

"నిద్ర పట్టేది కాదురా," అన్నాడు నాయిన. "టీవీ ఆపితే ఏవేవో ఆలోచనలు. ఏం సినిమా తెచ్చుకున్నానో కూడా తెలీదు. వాడు ఇచ్చింది తెచ్చుకునేటోణ్ణి. రెండిచ్చి ఒగటే రాసుకునేటోడు. పొద్దున ఐదుగంటలకే వచ్చి తలుపు కొట్టేటోడు, సీడీ ఇయ్యన్నా, ఎవురో అడుగుతుండారు అని."

"ఐదు గంటలకి ఎవరడుగుతారు నాయినా సీడీ?"

"అదే. నెల దినాలు వచ్చినాడు. వాడు సీడీ కోసం రాలేదు. నేనుండానా లేనా అని సూసుకునేకి వచ్చినాడు." కాసేపాగి, "వాడూ ఎప్పుడూ అనలేదు, నేనూ ఎప్పుడూ అనలేదు" అన్నాడు.

నేనేం మాట్లాడలేకపోయా.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి. మా దగ్గర కూడా రాత్రి పన్నెండు దాటాక చూసేవాళ్ళని విడిగా ఒక గుంపుగా పెడతాం. దానికి టీంలో ఒక ముద్దుపేరు కూడా ఉంది, గుడ్లగూబలు. పోయినేడు ఆ గుంపు మీద నేనే ఒక ప్రయోగం చేశాను. ఒక ఎపిసోడ్ అయిపోయాక తర్వాతది మొదలయ్యే ముందు పది సెకన్లు కౌంట్‌డౌన్ వస్తుంది కదా, దాన్ని ఈ గుంపుకి మాత్రం ఐదు సెకన్లు చేశాం. లేచి ఆపేలోపే మొదలైపోతుందన్నమాట. చూసే సమయం పెరిగింది. మీటింగులో చప్పట్లు కొట్టారు, పిజ్జాలు తెప్పించారు, నా అప్రైజల్లో కూడా రాశారు.

ఆ గుంపులో పరీక్షకి చదవాల్సిన పిల్లలుంటారు, నైట్ షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చినవాళ్ళుంటారు, సరదాకి చూసేవాళ్ళుంటారు. మా నాయిన లాంటివాళ్ళు కూడా ఉంటారు. మాకు తెలిసింది, సీడీ అన్నకి తెలిసింది ఒక్కటే: ఈ మనిషి నిద్రపోవట్లేదు. అది తెలిశాక ఆయన పొద్దున్నే లేచి తలుపు కొట్టాడు. నేను ఐదు సెకన్లు తగ్గించాను.

ఆయనకి మూడొందల ఇళ్ళు, మాకు లక్షల మంది, పోలికేంటి అని మీరనొచ్చు. నిజమే. ప్రతి ఒక్కరి తలుపూ మేం కొట్టలేం, కొట్టకూడదు కూడా. ఒక యాప్ తెల్లవారుజామున "బాగున్నావా" అని నోటిఫికేషన్ పంపితే భయమేస్తుంది కానీ ఓదార్పు రాదు. కానీ లేచి ఆపుకునే ఆ ఐదు సెకన్లు తిరిగిచ్చెయ్యొచ్చు. ఒంటిగంట తర్వాత దానంతటది తర్వాతది మొదలుకాకుండా ఆపొచ్చు. కోడ్ పరంగా ఒక పూట పని, నాకు తెలుసు, రాసింది నేనే కాబట్టి.

ఊర్నుంచి రాగానే మీటింగులో ఇదే అడిగాను. మా లీడ్ చెడ్డవాడేం కాదు. విని, "డేటా ఉందా?" అన్నాడు. ఏం డేటా చూపించను? టీవీ కట్టేసి నిద్రపోయినవాడు మా డాష్‌బోర్డులో తగ్గుదలగానే కనపడతాడు. నాయిన కథ చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు. ఎవురింటి సంగతి వాళ్ళది. ఇక్కడ రాయడానికి మాత్రం నాయిన్ని ఫోన్ చేసి అడిగే రాస్తున్నా. "పేరు రాయాకు" అన్నాడు.

టికెట్ అయితే పెట్టాను. బ్యాక్‌లాగ్‌లో కింద ఎక్కడో ఉంది. రెండు వారాలకోసారి ప్లానింగ్ మీటింగులో దాన్ని పైకి లాగుతున్నా, మళ్ళీ కిందకి పోతోంది. వచ్చే సోమవారం మళ్ళీ ఉంది మీటింగు. మళ్ళీ లాగుతా.