సహజ కవచం

మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం నిజామాబాద్ ప్రాంతానికి జీవనాధారం. దాని కాలువల నీటితోనే వర్ని పరిసరాలలో వరి పండుతున్నది. బోధన్ చక్కెర కర్మాగారానికి ఒకప్పుడు చెరకు పెరిగింది. కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఒక సత్యం అనుభవంతో తెలుసు. పొలానికి నీరు సరిగా అందనప్పుడు అతడు వెంటనే జలాశయాన్ని నిందించడు. పార భుజాన వేసుకొని ముందుగా తన పంటకాలువ వెంట నడుస్తాడు. ఎక్కడో పూడిక చేరి ఉంటుంది, తుంగ పెరిగి ఉంటుంది, లేదా గట్టుకు గండి పడి ఉంటుంది.

అటువంటి రైతు ఒకడు వర్నిలో కూతురి చదువు కోసం కంప్యూటరు కొన్నాడు. రెండేళ్లు గడిచేసరికి అది మందగించింది. ఇంటర్నెట్టులో ఒక పాఠం తెరుచుకునేలోగా ఓపిక నశించేది. ఒకనాటి రాత్రి తెరపై ఎర్రని అక్షరాల ప్రకటన ప్రత్యక్షమైంది. కంప్యూటరులో వైరసులు చేరాయని, ఉచితంగా తొలగించడానికి వెంటనే నొక్కుమని దాని సారాంశం. తండ్రి మౌసు మీద చేయి వేశాడు.

"గిది ఒత్తుమంటున్నది. ఒత్తనా బిడ్డా?"

"ఆగు బాపూ! పిలవకుండ వచ్చినోనికి తలుపు తీస్తమా?"

ఇంటర్మీడియట్ చదువుతున్న ఆ బాలిక మాటలో కంప్యూటరు రక్షణకు మూలసూత్రం ఇమిడి ఉంది. ఉచిత సాధనాలు లోకంలో అనేకం. కాని వెతుక్కొని పోయి తెచ్చుకున్న ఉచితం వేరు. వెంటపడి వచ్చే ఉచితం వేరు. రెండవది తరచుగా దొంగకు ముసుగు.

మరునాడు తండ్రీకూతుళ్లు కాలువ పరీక్షించినట్లే కంప్యూటరును పరీక్షించారు. మొదట రౌటరుకు నేరుగా తీగ తగిలించి, ఉచితంగా లభించే వేగపరీక్షతో కొలిచారు. ఒప్పుకున్న వేగం సక్రమంగానే వస్తున్నది. అనగా లోపం జలాశయానిది కాదు, పంటకాలువది. రౌటరు ఇనుప బీరువా వెనుక దాగి ఉంది. దానిని గది నడుమ ఎత్తైన చోటికి మార్చారు. యంత్రం తెరవగానే తమంత తామే మేల్కొనే ప్రోగ్రాములలో అక్కరలేనివాటిని ఆపివేశారు. బ్రౌజరుకు ఎప్పుడో అంటుకున్న అనుబంధాలను తొలగించారు. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. పూడిక మాత్రం తొలగింది.

ఇంకొక సాధనం డి.ఎన్.ఎస్. వెబ్‌సైటు పేరును యంత్రానికి అర్థమయ్యే అంకెల చిరునామాగా మార్చే వ్యవస్థ ఇది. 2009లో గూగుల్ 8.8.8.8 అనే చిరునామాతోను, 2018లో క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 తోను ఈ సేవను ఉచితంగా ప్రారంభించాయి. 2017లో వచ్చిన క్వాడ్9 హానికరమని తెలిసిన చిరునామాలకు దారి చూపదు. ఇవి తీగ సామర్థ్యాన్ని పెంచవు. చిరునామా వెతికే కాలాన్ని కొన్నిచోట్ల తగ్గిస్తాయి, అంతే.

పూడిక వేగాన్ని తగ్గిస్తుంది. గండి పంటనే ముంచుతుంది. 2017 మే 12న వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచాన్ని చుట్టుముట్టింది. దాదాపు 150 దేశాలలో కంప్యూటర్లలోని దస్త్రాలకు తాళం వేసి, తాళం తీయడానికి సొమ్ము అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని స్తంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అయితే విచారించవలసిన విషయం వేరే ఉంది. ఆ గండిని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి నెలలోనే ఉచితంగా విడుదల చేసింది. రెండు నెలల ముందే మందు చేతికి వచ్చినా ఎందరో పుచ్చుకోలేదు.

కనుక "అప్‌డేట్" అని యంత్రం అడిగినప్పుడు రేపటికి వాయిదా వేయరాదు. విండోస్‌లో డిఫెండర్ అనే రక్షకుడు ముందే కొలువై ఉన్నాడు; వేరుగా కొననవసరం లేదు. విండోస్ 10కు సాధారణ ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయాయి. కొత్త విండోస్‌ను మోయలేని పాత యంత్రంలో ఉచితంగా లభించే లినక్స్‌ను నెలకొల్పుకోవచ్చు. స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్ వ్యవస్థను రూపొందించింది.

2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రాన్ని నెలకొల్పి, ఉచిత సాధనాలను ప్రజలకు అందించింది. సీ-డాక్ సంస్థ రూపొందించిన వాటిలో కొన్నింటి పేర్లు సంస్కృత పదాలతో కూడినవి. పెన్‌డ్రైవుల రాకపోకలను అదుపు చేసేది యు.ఎస్.బి. ప్రతిరోధ్. అనుమతి పొందిన ప్రోగ్రాములను మాత్రమే నడవనిచ్చేది యాప్ సంవిద్. మొబైలు ఫోనుకు ఎం-కవచ్. ప్రతిరోధం అంటే అడ్డగింపు. సంవిత్తు అంటే ఎరుక.

కవచం అనగానే కర్ణుడు గుర్తుకు వస్తాడు. అతనిది పుట్టుకతో వచ్చిన కవచం. దానిని ఏ బాణమూ ఛేదించలేదు. బ్రాహ్మణ వేషంలో వచ్చిన ఇంద్రుడు అడిగితే తానే కోసి ఇచ్చాడు. అడగబోయేది ఎవరో సూర్యుడు ముందే హెచ్చరించాడు కూడా. కర్ణుడు తెలిసి, దానవ్రతం కోసం ఇచ్చాడు. నేటి మానవుడు తెలియక, బ్యాంకు అధికారి వేషంలో వచ్చిన గొంతుకు ఓ.టి.పి. ఇస్తున్నాడు. ఏ సాధనమైనా యజమాని స్వహస్తంతో ఇచ్చివేసిన దానిని కాపాడజాలదు. అటువంటి మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేయి దాటిపోతుంది.

ఆ బాలిక తన నోట్సును, తాతగారి ఛాయాచిత్రాలను, పొలం కాగితాల నకళ్లను వేరొక డ్రైవులోకి ఎక్కించి, దానిని కంప్యూటరు నుండి విడదీసి బీరువాలో పెట్టింది. విత్తనపు గింజలను వేరుగా దాచడం ఆ ఇంటికి కొత్త కాదు గనుక తండ్రి కారణం అడగలేదు.

కొన్నాళ్లకు బ్యాంకు నుండి అంటూ ఆయనకు ఒక ఫోను వచ్చింది. ఖాతా ఆగిపోతుందని, అంకెలు చెప్పుమని అవతలి గొంతు తొందరపెట్టింది. తండ్రి ఒక క్షణం కూతురి వైపు చూశాడు.

"రేపు నేనే బ్యాంకుకొచ్చి చెప్త సారూ" అని ఫోను పెట్టివేసి, పార భుజాన వేసుకొని పొలానికి బయలుదేరాడు.