గెలిచిన తరవాత

రాయాలనుకునేవాళ్లు పెద్ద రచయితల్ని అడిగే ప్రశ్నలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. పొద్దున రాస్తారా, రాత్రి రాస్తారా? చేత్తోనా, కంప్యూటర్ మీదా? ముగింపు ముందే అనుకుంటారా? విజయవాడ పుస్తకాల పండగలో సాయంత్రం సభ జరుగుతుంటే వెనక వరసలోంచి ఎవరో ఒకరు లేచి ఇవే అడుగుతారు. వేదిక మీదున్నాయన ఓపిగ్గా జవాబు చెబుతాడు. ఆ జవాబు రాసుకుని ఇంటికెళ్లినవాళ్లకి ఏం ఒరుగుతుందో నాకైతే అనుమానమే. ఎందుకంటే ఈ జవాబులు ఒకదానికొకటి పొసగవు. విశ్వనాథ సత్యనారాయణ 1934లో 'వేయిపడగలు' 29 రోజుల్లో ముగించారు. ఆయన చెబుతూ పోతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాస్తూ పోయారు. వెయ్యి పేజీలకి దగ్గరగా వచ్చిన నవల! అది విని నెలకో నవల చెప్పడం మొదలుపెడితే మన గతేం కాను? ఆ విశ్వనాథే 'రామాయణ కల్పవృక్షం' మీద దాదాపు మూడు దశాబ్దాలు గడిపారు. ఒక్క మనిషి దగ్గరే రెండు అలవాట్లు కనపడుతుంటే ఏది పట్టుకుంటాం, ఏది వదిలేస్తాం?

అందుకని నేను అలవాట్ల జోలికి పోను. పేరొచ్చిన తరవాత ఏం చేశారు అన్నది చూస్తాను. పేరు రాకముందు అందరూ కష్టపడతారు, అందులో వింతేం లేదు. వేరే దారి లేక పడతారు. చప్పట్లు మోగి, దండలు పడి, ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున బల్ల ముందు కూర్చుని ఏం చేశాడన్నదే నాకు కావాలి.

గురజాడ సంగతే చూడండి. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడింది, జనం మెచ్చారు. 1897లో అచ్చయింది, ఆనంద గజపతి మహారాజుకి అంకితమిచ్చారు. సంస్థానంలో కొలువుంది, ప్రభువు ఆదరణ ఉంది, ఆడిన నాటకం ఉంది, చేతిలో పుస్తకం ఉంది. ఇంకొకరైతే దాని తరవాత 'వరశుల్కం' అని ఇంకోటి రాసి పడేసేవారు. గురజాడ మాత్రం ఆడి గెలిచిన ఆ నాటకాన్నే మళ్లీ ముందేసుకుని తిరగరాశారు. 1909లో వచ్చిన ఆ రెండో కూర్పే ఇవాళ మనం చదువుతున్నది, మాటలు కంఠతా చెప్పుకుంటున్నది.

పరిశోధకుడు బంగోరె పట్టుబట్టి మొదటి కూర్పుని వెలికితీసి మళ్లీ అచ్చు వేయించారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ తిరగరాతలో ఎంత పనుందో మనకి తెలిసేది కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. కథ మూలం మారలేదు. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మబోతాడు. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టి ఆ ముసలాయనకే అంటగడతాడు. మధ్యలో గిరీశం చదువు చెబుతానని వచ్చి ఇంట్లో ఉన్న వితంతువు బుచ్చమ్మని లేవదీసుకుపోతాడు. ఇదంతా ఉన్నదే. పెరిగింది వేశ్య మధురవాణి పాత్ర. మొదటి కూర్పులో ఆవిడ పక్కపాత్ర. రెండోదానికొచ్చేసరికి తనని ఉంచుకున్న రామప్పపంతుల్ని వేలిమీద ఆడిస్తుంది, కరటకశాస్త్రి ఎత్తుకి చేయి కలుపుతుంది, చివరికి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు గదిలోకే వెళ్లి కూర్చుని, వేశ్య మొహం చూడనన్న ఆ పెద్దమనిషి నీతిని ఆయన ఎదుటే తూకం వేస్తుంది. ఆ ఒక్క మనిషి పెరగడంతో నాటకం మొగ్గే మారిపోయింది. పిల్లల్ని అమ్ముకునేవాళ్ల మీద రాసిన ప్రహసనం కాస్తా, వాళ్లని బాగుచేద్దామని బయల్దేరినవాళ్లని కూడా వదలని నాటకమైంది. మొదటి కూర్పుకి చప్పట్లు కొట్టినవాళ్లెవరూ ఈ మార్పు అడగలేదు. రాసినాయనకే లోపల ఎక్కడో వెలితి తగిలి ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటలో ఒక లెక్క ఉంది. మహారాజు చేయించిన జాబితా అది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1,034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఇలాంటి జాబితా మనలాంటి వాళ్ల చేతికి దొరికితే మొదటి అంకంలోనే ఎవరిచేతో ఒకరిచేత గంటసేపు ఉపన్యాసం ఇప్పిస్తాం, అంకెలన్నీ అప్పజెప్పిస్తాం. గురజాడ ఆ అంకెల్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. లోపల ఉన్నది బేరం. రూపాయి వదలలేని లుబ్ధావధాన్లు పెళ్లి మోజులో సంచి మూతి విప్పుతూ పడే యాతన చూసి మనం పొట్ట పట్టుకుని నవ్వుతాం. నవ్వు సగంలో ఉండగా గుర్తొస్తుంది, ఆ వేషం కింద కుర్రాడు కాక నిజంగానే ఒక పిల్ల ఉంటే ఏమయ్యేదో. 1,034 పెళ్లిళ్ల బరువు అక్కడ మీద పడుతుంది. రచనాపాఠాల పుస్తకాలు ఎన్ని చదివినా ఇంత చక్కగా చెప్పేది నాకు దొరకలేదు: సేకరించిందంతా తెలిసి ఉండాలి, చూపించక్కర్లేదు.

రావిశాస్త్రి గారిది మరో దారి. 'అల్పజీవి' నవలతోనే పేరు. భయస్తుడైన గుమాస్తా సుబ్బయ్య బుర్రలో మెదిలే ఆలోచనల్ని, వచ్చినవి వచ్చినట్టు వాక్యాల్లోకి దింపారు. చైతన్యస్రవంతి అని విమర్శకులు అప్పట్నుంచి ఇప్పటిదాకా అంటూనే ఉన్నారు. ఆ పద్ధతి పట్టుకుని ఇంకో నాలుగు నవలలు లాగించేయొచ్చు, మేధావులు మెచ్చుకుంటూ ఉంటారు. ఆయన మాత్రం విశాఖపట్నం కోర్టులో తను రోజూ చూస్తున్న మనుషుల వైపు తిరిగారు. మద్యనిషేధం కేసుల్లో దొరికినవాళ్లు, దొరికించినవాళ్లు, సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్లు, వాళ్ల తరపున నల్లకోటు వేసుకుని నిలబడ్డవాళ్లు. 'ఆరు సారా కథలు' అక్కణ్నుంచి వచ్చాయి. వాటిలో మాట్లాడేది కోర్టు వరండాలో వినపడే తెలుగు, ఉత్తరాంధ్ర యాసలో, ఎకసెక్కంతో, కడుపుమంటతో. వకీలు వృత్తి ఆయన రాతకి అడ్డం రాలేదు, ముడిసరుకు ఇచ్చింది. ఉద్యోగం మానేసి కూర్చుంటే గానీ రాయలేమని వాపోయేవాళ్లకి ఇది చెప్పాలనిపిస్తుంది. మన పెద్ద రచయితల్లో చాలామంది పూట గడవడానికి ఏదో ఒక పని చేస్తూనే రాశారు. చలం బడుల ఇన్‌స్పెక్టరు. కొడవటిగంటి కుటుంబరావు 'చందమామ' బల్ల దగ్గర దశాబ్దాలు కూర్చున్నారు. పాలగుమ్మి పద్మరాజు కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పారు.

పద్మరాజు గారి పేరొచ్చింది కాబట్టి, గెలుపు చేసే చిత్రమైన అన్యాయం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 'గాలివాన' కథకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. తెలుగు కథకి అంతకుముందు అంత పేరు ఎక్కడ దక్కింది? అప్పట్నుంచీ ఆయన పేరెత్తితే 'గాలివాన', 'గాలివాన' పేరెత్తితే ఆ బహుమతి. 'పడవ ప్రయాణం'లో రంగినీ పద్దాలునీ ఎంతమంది చదివి ఉంటారు? తెడ్డు చప్పుడు పక్కన, చీకట్లో ఆ ఆడమనిషి తన మొగుడి గురించి చెప్పుకునే తీరు, కొట్టినా దొంగతనాలు చేసినా వాడంటే పడిచచ్చే ఆ ప్రేమ... నా మటుకు 'గాలివాన' కంటే అదే పెద్ద కథ. బహుమతి ఒక కథకి దీపం పెట్టి మిగతావాటిని చీకట్లో వదిలేసింది. రచయిత చేతిలో ఉన్నది కాదిది. కానీ చదివేవాళ్ల చేతిలో ఉంది.

శ్రీశ్రీ విషయంలో వరస తలకిందులు. 'మహాప్రస్థానం' గీతాలు చాలామటుకు 1930లలోనివి. చలం 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. పుస్తకం బయటికొచ్చింది 1950లో. అంటే ముందుమాట పదేళ్లు పుస్తకం కోసం కాచుకుని ఉంది. ఆలోపే కుర్రకారు నోళ్లలో ఆ గీతాలు నలిగిపోయాయి. పుస్తకమన్నది అచ్చు కాకముందే గెలిచేసిన కవి ఆయన. ఆ తరవాత సినిమా పాటలకి వెళ్లారని పెదవి విరిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అద్దె కట్టాల్సినాయనకి తెలుసు ఆ బాధ. పైగా 'అల్లూరి సీతారామరాజు' పాటకి జాతీయ బహుమతి తెచ్చింది ఆ సినిమా కలమే. అక్కడ కూడా చెత్త రాయలేదని కాదు, రాశారు. అన్నిట్లోనూ మహాప్రస్థానమే వెతికేవాళ్లది అత్యాశ.

సాహిత్య సభల్లో వినపడని పేరు ఒకటి ఇక్కడ చెప్పకపోతే వ్యాసం ఒంటికన్నుది అవుతుంది. యద్దనపూడి సులోచనారాణి. 'సెక్రటరీ' నవల, అందులో నాయిక జయంతి, నాయకుడు రాజశేఖరం. ఆ రోజుల్లో ప్రతి వీధి చివరా ఉండే అద్దె పుస్తకాల షాపుల్లో ఆవిడ నవల ఖాళీగా దొరికేది కాదు. అట్ట ఊడి, పేజీలు చివికి, మళ్లీ కుట్టించుకుని, మళ్లీ అద్దెకి. రాజశేఖరంలాంటి మొగుడు ఎక్కడుంటాడని విమర్శకులు వెటకారం చేశారు. ఉండడని ఆ పాఠకురాళ్లకి తెలియదనుకోవడం వాళ్ల పొరపాటు. వంటింటి పని తెమిలాక మధ్యాహ్నం రెండింటికి పుస్తకం తెరిచే మనిషికి ఏం కావాలో ఆవిడకి తెలుసు. పేరొచ్చాక ఆ మనిషిని వదిలేసి పండితుల మెప్పు కోసం పాకులాడలేదు. పాఠకుల మీద గౌరవమంటే ఇదీ ఒక రకమే. ఈ మాట కొందరు మిత్రులకి నచ్చదని తెలుసు, అయినా వెనక్కి తీసుకోను.

ఇక కాళీపట్నం రామారావు గారు, కారా మాస్టారు. నేను వెతికే ప్రశ్నకి అందరికంటే వింత జవాబు ఆయనది. విశాఖపట్నంలో లెక్కల మాస్టారు. 1966లో 'యువ' మాసపత్రికలో 'యజ్ఞం' వచ్చింది. పల్లెటూళ్లో పంచాయితీ, తీరని అప్పు, పెద్దమనిషి శ్రీరాములునాయుడు, అప్పు పడ్డ అప్పల్రాముడు. చివర్లో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన బిడ్డ ఈ అప్పుకి పాలేరు కాకూడదని చేసే పని చదివినవాళ్లెవరూ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ఆ ముగింపు తప్పా ఒప్పా అని దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఒక చిన్నకథ మీద అంత వాదన తెలుగులో మరోసారి జరిగినట్టు నాకు గుర్తులేదు. ఆ తరవాత కొన్నేళ్లు 'ఆర్తి', 'చావు', 'కుట్ర' లాంటి కథలు రాశారు. అన్నీ కలిపినా ఒక్క సంపుటంలో ఇమిడిపోతాయి. తరవాత కలం దాదాపు పక్కనపెట్టేశారు. పత్రికలు అడగలేదా? అడిగే ఉంటాయి. చెప్పాల్సింది చెప్పేశాననుకున్న మనిషిని ఎవరు కదిలిస్తారు?

మరి ఏం చేశారంటే, ఎదుటివాళ్ల కథలు చదివారు. కొత్తగా రాసేవాళ్లకి ఎక్కడ కథ జారిపోయిందో చూపించారు. కథ కట్టే పని గురించి తనకి తెలిసింది 'కథాకథనం' పుస్తకంలో పెట్టారు. 1995లో 'యజ్ఞంతో తొమ్మిది'కి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వస్తే ఆ డబ్బుతో ఇల్లు బాగుచేయించుకోలేదు, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా అక్కడ ఉండాలన్నది ఆయన పట్టు. చిన్నవాళ్లదీ పెద్దవాళ్లదీ, మంచిదీ చెడ్డదీ, ఒక్క కథ రాసి మాయమైపోయినవాళ్లదీ. అంత పెద్ద వయసులో పాత వారపత్రికల కోసం ఊళ్లు తిరిగారు, ఉత్తరాలు రాశారు, అడిగి తెచ్చుకున్నారు. తన పేరు నిలవాలనుకున్న రచయిత తన విగ్రహం కోసం చూసుకుంటాడు. ఈయన తనకంటే తక్కువ పేరున్నవాళ్ల కథలకి బీరువాలు సంపాదించారు. 2021 జూన్ 4న ఆయన పోయారు, 96 ఏళ్ల వయసులో. బీరువాలు నిండుతూనే ఉన్నాయి.

కథలు రాయడం నేర్చుకోవాలని ఉంటే ఒకసారి శ్రీకాకుళం వెళ్లి రెండు మూడు రోజులు అక్కడ కూర్చోండి. పేరున్నవాళ్లవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి, మీరెప్పుడూ పేరు వినని మనిషి 1950లలో ఏదో పత్రికకి రాసిన కథ ఒకటి తీసి చదవండి. మీ ఇంట్లో అటక మీద పాత 'యువ', 'జ్యోతి', 'భారతి', 'ఆంధ్రపత్రిక' సంచికలు ఉంటే, కిలోల లెక్కన తూకానికి వేసేముందు కథానిలయానికి ఒక మాట చెప్పండి. వాళ్ల దగ్గర లేని కథ అందులో ఉండొచ్చు.