పెట్టె మూత చాటున జొన్న రొట్టె

మన గోడపత్రికలో ఎప్పుడూ నాకు దొరికేది కింద కుడి మూల. అందులో 'వింతలు - విశేషాలు' రాస్తాను. ఈ నెల కవిత ఇస్తానన్న మిత్రుడు ఇవ్వలేదు. సగం చార్టు ఖాళీగా ఉందని సంపాదకుడు నా మీద పడ్డాడు. "వంటలు రాస్తవో, స్టైలు రాస్తవో, నీ వింతలే రాస్తవో, రేపు పొద్దుగాల వరకు నింపాలె" అన్నాడు. మూడూ కలిపి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు స్కెచ్ పెన్నుది. మాటలు వంకరగా ఉంటే నాది.

ముందు స్టైలు. మన హాస్టల్లో స్టైలు మూడు రకాలు. మొదటిది ముందర జుట్టు కళ్ల మీదికి వదిలి, చెవుల పక్కన గీతలు పెట్టించుకోవడం. వార్డెన్ సారు చూసేదాకనే దాని ఆయుష్షు. రెండోది నూనె అయిపోయినప్పుడు నీళ్లతో దువ్వుకోవడం. ఇది మొదటి పీరియడు దాకా ఉంటుంది. మూడోది ప్యాంటు మడత పెట్టి పరుపు కింద వేసి, దాని మీద పడుకొని ఇస్త్రీ చేయడం. నాది ఈ మూడో రకం. రాత్రి పక్కకు తిరిగితే పొద్దున ప్యాంటుకు రెండు గీతలు పడతాయి. అయినా మనసుకు తృప్తి.

ఇక వంటలు. ఒకసారి నా మూలలో ఒక వింత రాశాను, గుర్తుందా? 2017 నవంబరు 4న ఢిల్లీలో 918 కిలోల కిచిడీ ఒకేసారి వండి గిన్నిస్ రికార్డు కొట్టారని. అది చదివి మన వంటాయన "గంటె ఎవరు తిప్పిండ్రు, గిన్నె ఎవరు తోమిండ్రు? అది రాయలేదేంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వింతలు రాసేవాళ్లకు గిన్నెలు తోమేవాళ్లు కనిపించరని ఆ రోజు తెలిసింది.

మా ఇంట్లో వంట అంటే జొన్న రొట్టె. మా యాడి పొద్దున్నే చేస్తుంది. జొన్న పిండికి గోధుమ పిండిలా సాగే గుణం లేదు. చన్నీళ్లు పోసి కలిపితే అంచులు పగులుతాయి. అందుకే మసిలే నీళ్లు పోసి కలిపి, చేత్తో టపటప కొట్టి పెంచుతారు. పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో తుడుస్తారు. ఆ టపటప చప్పుడుకే నేను నిద్ర లేచేవాణ్ణి. హాస్టల్లో బెల్లుకు లేస్తున్నాను. రెండింటిలో ఏది మంచిదో మీకే వదిలేస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ఆదివారం మా దాదీ, అంటే మా నాయనమ్మ, నన్ను చూడ్డానికి వచ్చింది. నర్సాపూర్ దిక్కు నుంచి వచ్చే బస్సులో కౌడిపల్లిలో దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చింది. మా యాడి ఇప్పుడు చీర కడుతుంది. దాదీ మాత్రం ఫేటియా, కాంచళి, తల మీద టుక్రి, చేతుల నిండా గాజులు. వాటిని వదిలి ఆమెను ఎన్నడూ చూడలేదు. అద్దాల మీద ఎండ పడి, ఆమె కదిలినప్పుడల్లా మన వరండా గోడ మీద వెలుతురు చుక్కలు చేపపిల్లల్లా పరుగెత్తాయి. అందరూ తిరిగి చూశారు.

ఆ రోజు నేను పరుపు ఇస్త్రీ ప్యాంటులో ఉన్నాను. పక్కన నిలబడ్డ మిత్రుడు "ఎవర్రా?" అన్నాడు.

"మా తండా ముసలామె" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నోట్లో నుంచి వచ్చేసింది. దాదీకి తెలుగు అర్థం కాదనుకున్నాను. నేను పుట్టకముందు నుంచీ సంతలో కూరగాయలు బేరం చేసే మనిషికి తెలుగు రాదని ఎట్లా అనుకున్నానో!

దాదీ నా ముఖం చూసింది. తర్వాత నా మిత్రుడితో తెలుగులోనే చెప్పింది. "అవు బిడ్డా, తండా ముసలిదాన్నే. ఈ పిలగానికి వాళ్లమ్మ రొట్టెలు పంపింది. ఇచ్చి పోదామని వచ్చిన." మూట నా చేతిలో పెట్టింది. నీళ్లు కూడా తాగకుండా పోయింది.

నా అబద్ధాన్ని నాకంటే చక్కగా ఆమే మోసుకుపోయింది.

రొట్టెలు, ఎల్లిగడ్డ కారం పెట్టెలో అడుగున దాచాను. తినబుద్ధి కాలేదు, పారేయబుద్ధి కాలేదు. మూడో రాత్రి డార్మిటరీలో ఒకడు "చీమలు! చీమలు!" అని కేక పెట్టాడు. తలుపు దగ్గర నుంచి తిన్నగా నా పెట్టె దాకా బారు. పోలీసు కుక్క కూడా అంత సూటిగా రాదు. లైటు వేశారు. వార్డెన్ సారు వచ్చి "ఏం దాచినవ్ రా?" అన్నారు. మూత తీసేసరికి ఎల్లిగడ్డ వాసన గది అంతా నిండింది. తిడతారనుకున్నాను. సారు చీమలు పట్టని రొట్టె ఒకటి తీసి, దులిపి, ముక్క విరిచి నోట్లో వేసుకున్నారు. "గట్టిపడ్డది గానీ రుచి పోలే" అన్నారు.

అప్పుడు జరిగింది అసలు వింత. అవతలి మంచం వాడు మెల్లగా తన పెట్టె తెరిచాడు. వాడి దగ్గర సజ్జ రొట్టె. ఇంకొకడి దగ్గర పల్లీల తొక్కు. మరొకడి దగ్గర జొన్న రొట్టె, మాదే రకం. మనలో చాలామందిమి తండాల నుంచి వచ్చినవాళ్లమే. అందరం పెట్టె మూత సగం లేపి, దాని చాటున తల పెట్టి తింటున్నాం. ఎవరికి తెలియకుండా? అదే రొట్టె తినే పక్క మంచం వాడికి తెలియకుండా!

చీమల కోసం పెట్టె ఖాళీ చేస్తే అడుగున పరిచిన పాత పేపరు బయటపడింది. అందులో 2023 జులై నాటి వార్త ఉంది. కర్ణాటకలోని హంపిలో జీ-20 దేశాల సమావేశం జరిగినప్పుడు, సండూరు దిక్కు లంబాడీ ఆడవాళ్లు 450 మందికి పైగా కలిసి కుట్టిన 1,755 కుట్టు పనులను ఒకచోట ప్రదర్శించారట. దానికి గిన్నిస్ రికార్డు. ఆ సండూరు కుట్టుకు 2010లోనే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందట. ఇంకో సంగతి నాకు ముందే తెలుసు, మీరూ జీకేలో చదివారు: ఆ 2023నే ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అందులో జొన్నలూ ఉన్నాయి, సజ్జలూ ఉన్నాయి.

అంటే లోకమంతా చప్పట్లు కొట్టిన కుట్టూ, లోకమంతా తినమన్న రొట్టే ఒకే ఆదివారం మన గేటు దగ్గరికి నడిచి వచ్చాయి. నేనేమో ప్యాంటు గీత చూసుకుంటున్నాను.

కానీ గిన్నిస్ వాళ్లు మెచ్చారని దాదీని మెచ్చుకుంటే అది ఇంకో తప్పు. పేపర్లో ఆ వార్త లేకపోయినా ఆమె మా దాదీయే. ఎండలో నడిచి వచ్చింది నా కోసమే.

దాదీకి చదువు రాదు. ఈసారి వచ్చినప్పుడు గేటు దాకా పోయి చెయ్యి పట్టుకొని తీసుకొస్తాను. ఈ చార్టు ముందు నిలబెట్టి మా లంబాడీ మాటలో నేనే చదివి వినిపిస్తాను. కిచిడీ దగ్గర నవ్వుతుంది. చీమల దగ్గర ఇంకా నవ్వుతుంది. "మా తండా ముసలామె" అన్న చోట గొంతు ఎట్లా తేవాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.

అందుకని సంపాదక మిత్రునికి ఒక మనవి. కొత్త నెల వచ్చినా, ఆమె వచ్చి పోయేదాకా ఈ చార్టు పీకవద్దు. రొట్టెలు తెస్తే నీకు రెండు.

— 'వింతలు - విశేషాలు' మూలవాడు, తొమ్మిదో తరగతి