మైనంలో మునిగిన పికప్

ఫెండర్ గిటార్‌కున్న మీట నొక్కితే స్వరం జారుతుంది, ధ్వని మాత్రం పలచన. గిబ్సన్‌ది చిక్కటి ధ్వని. రెండూ ఒకేదాంట్లో కావాలంటే?

1970లలో కాలిఫోర్నియా కుర్రాడు ఎడ్డీ వాన్ హేలెన్ 50 డాలర్లకు ఫెండర్ తరహా చెక్క కొన్నాడు. గిబ్సన్ నుంచి పికప్ ఊడదీశాడు. తీగల కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టే పికప్. తీగలు బిగిసే బ్రిడ్జ్ దగ్గర కదలిక తక్కువ, అక్కడ బలమైన పికప్ కావాలి. రాగి చుట్లు పెంచితే బలం వస్తుంది, కానీ ధ్వనిలో మెరుపు తగ్గుతుంది. అందుకే అంకెలు చూసి కాదు, చెవితో విని ఎంచుకోవాలి.

ఎడ్డీ ఎంచుకున్నది సౌండు పెంచితే కీచుమనేది. కరిగిన మైనంలో ముంచాడు. అలా ముంచి కొన్ని పికప్‌లు పాడుచేసుకున్నాడు కూడా! చివరికి కీచు ఆగింది. 1978లో తొలి ఆల్బమ్ మోగింది. 2019లో ఆ అతుకుల గిటార్ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకెక్కింది.