ఆచంద్రార్కం

తెలుగునాట దానశాసనాలలో తరచుగా కనిపించే మాట 'ఆచంద్రార్కం'. సూర్యచంద్రులున్నంత కాలం ఈ భూమి ఈ దేవాలయానికో, ఈ చెరువు పోషణకో చెందుతుందని దాత ప్రకటించేవాడు. చదవనేర్వని వారికి సైతం అర్థమయ్యేలా రాతి శిఖరాన చంద్రవంకను, సూర్యబింబాన్ని చెక్కించేవారు. మనిషి తన మాటకు ఆకాశాన్ని గడువుగా పెట్టుకున్న ఈ సంప్రదాయం భారతదేశమంతటా ఉన్నదే.

ఆ గడువు ఎంత? శాసనాల నాటి పండితులు పురాణగణనను ఆశ్రయించి ఉండేవారు. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు. దాని చివర ప్రళయం. నేటి ఖగోళశాస్త్రం వేరొక మార్గంలో లెక్క కట్టింది. సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరాలు. గర్భంలోని హైడ్రోజన్ హీలియంగా మారే కొద్దీ సూర్యకాంతి మెల్లగా హెచ్చుతుంది. మరో 100 కోట్ల సంవత్సరాలకు అది పదోవంతు పెరిగి, భూమిమీది సముద్రాలు ఆవిరై పోయే దశ వస్తుంది. దాదాపు 500 కోట్ల సంవత్సరాల తరువాత సూర్యుడు ఉబ్బి ఎర్రని మహాతారగా మారి, బుధ శుక్రులను కబళిస్తాడు. భూమి మిగిలినా మాడిన రాయిగానే మిగులుతుంది.

ఆపై సూర్యుడు కుదించుకుపోయి శ్వేత కుబ్జతారగా చల్లారతాడు. ఇటువంటి తారల ద్రవ్యరాశికి ఒక హద్దున్నదని 1930లో ఇంగ్లండుకు ఓడలో పయనిస్తూ గణించినవాడు పందొమ్మిదేళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లయిన ఆ హద్దుకు సూర్యుడు లోబడినవాడే గనుక, విస్ఫోటనం లేకుండానే ఆరిపోతాడు. 1983లో చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి లభించింది.

విశ్వానికి కూడా ముగింపును ఊహించవచ్చు. విశ్వవ్యాకోచం నానాటికీ వేగం పుంజుకొంటున్నదని 1998లో రెండు పరిశోధక బృందాలు వెల్లడించాయి. ఈ వేగం ఇలాగే కొనసాగితే దూరపు గెలాక్సీలు ఒక్కొక్కటే చూపుకు అందకుండా పోతాయి. అత్యంత సుదూర భవిష్యత్తులో ఆకాశాన్ని చూసే జీవికి తన గెలాక్సీయే విశ్వమనిపిస్తుంది. వేరొకటి ఉండేదనడానికి ఆధారమే దొరకదు. చివరకు తారలూ ఆరి, చీకటీ చలీ మిగులుతాయి. అయితే ఈ వ్యాకోచానికి కారణమైన శక్తి క్రమంగా బలహీనపడుతున్నదేమోనన్న సూచనలు 2024లో వెలువడినందున, ఈ ముగింపును ఇంకా నిర్ధారణగా చెప్పలేము. చరిత్రకారునికి మాత్రం ఆధారాలే అంతరించడమన్నది పరిచితమైన భయం.

ఆకాశపు గడువు ఇంత సుదీర్ఘమైనా, దాని కింద రాసుకున్న మాటలు శతాబ్దాలకే చెల్లిపోయాయి. కాకతీయ రాజ్యం 1323లో అంతరించింది. విజయనగరం 1565లో కుప్పకూలింది. మిగిలిన ఈనాములను ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి చట్టం రైతువారీ పట్టాలుగా మార్చింది. శాసనాలు చెక్కిన రాళ్లు కొన్ని బట్టలుతికే బండలయ్యాయి, కొన్ని ఇళ్ల మెట్లయ్యాయి. తొలినాటి పరిశోధకులు కాగితం అద్ది తీసిన ప్రతులే కొన్నింటికి నేడు దిక్కు.

శాసనకర్తలకు ఈ సంగతి తెలియనిది కాదు. శాసనం చివర వారు భయపడింది ప్రళయానికి కాదు, తరువాతి మనిషికి. దత్తభూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని శపించారు. దానం చేయడం కంటే చేసినదానిని పాలించడమే మిన్న అని చెప్పారు.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు ఇందుకు నిదర్శనం. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన ఈ చెరువు సంగతి 1369 నాటి శాసనంలో ఉంది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశారని అది చెబుతుంది. మంచి చెరువుకు కావలసిన అంగాలేవో, చెరువును చెరిచే దోషాలేవో కూడా వరుసగా పేర్కొంటుంది. రాజ్యం పోయినా చెరువు నిలిచింది. ఆరున్నర శతాబ్దాలుగా కట్ట గండి పూడ్చి, తూము సరిచేసి, పూడిక తీసిన వారెందరో ఉండాలి. వారి పేర్లు ఏ రాతిమీదా లేవు.

సముద్రాలు ఇంకటానికి 100 కోట్ల ఏళ్లున్నాయి. పంటకాలువ ఆక్రమణకు గురైన చెరువు ఇంకటానికి ఒక్క తరం చాలు. మొదటిదాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. రెండవదానికి గడువు సూర్యచంద్రుల చేతిలో లేదు. తహసీలు కచేరీలోని పటం మీద, ఊరివారి పట్టుదల మీద ఉంది.