కొత్తచెరువు పెరట్లో వుజూ నీళ్లు

ధర్మవరంలో రైలు దిగి బస్సెక్కేసరికి ఉదయం ఎనిమిదైంది. అది 2025 ఫిబ్రవరి ఆఖరి వారం. అప్పటికే ఎండ కిటికీ ఊచలను తాకనివ్వడం లేదు. దారికి ఇరుపక్కలా కోత ముగిసి ఖాళీగా పడి ఉన్న ఎర్రటి చేలు, వాటి నడుమ గుండ్రాళ్ల గుట్టలు, ఎక్కడో ఒకచోట బోరు కింద పచ్చని మడి. గుంటూరు కాలువల నడుమ పెరిగిన నా కంటికి ఈ నేల ప్రతిసారీ కొత్తగానే తోస్తుంది. ఈసారి నేను చుట్టపుచూపుగా మాత్రమే వెళ్లడం లేదు. కొత్తచెరువులో ఒంటరిగా ఉంటున్న మా ఖాలాను బెంగుళూరులోని కొడుకు వద్దకు వెళ్లడానికి ఒప్పించాలి. ఆ బాధ్యతను మా కుటుంబం నా మీద పెట్టింది. ఖాలూ మరణించి రెండేళ్లు దాటింది. పెరట్లోని బోరు అంతకు ముందే ఎండిపోయింది. కుళాయి రెండు రోజులకొకసారి వస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషి నీళ్ల బిందెలతో ఎంతకాలం వేగగలదని తమ్ముడి వాదన. నాకూ అది సబబుగానే తోచింది.

ఊరి పేరులోనే చెరువు ఉంది. రాయలసీమలో అనేక గ్రామాల పేర్లు ఇలా నీటితోనే ముడిపడి ఉంటాయి. అది సమృద్ధికి గుర్తు కాదు, అవసరానికి గుర్తు. పడమటి కనుమలు అరేబియా సముద్రం నుండి వచ్చే మేఘాలను ఆవలి వైపే కురిపించి పంపుతాయి. తూర్పు తీరం నుండి వచ్చే ఈశాన్య రుతుపవనం ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతుంది. అందుకే అనంతపురం సీమలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లకు మించదు. అదైనా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాలుగు పెద్ద వానలుగా పడి వెళ్లిపోతుంది. ఆ నాలుగు వానలను పట్టి నిలపడమే ఈ ప్రాంతపు పాతకాలపు విద్య. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు గట్టున 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మంచి చెరువుకు ఏయే లక్షణాలుండాలో, ఏయే దోషాలుండకూడదో అది వరుసగా చెబుతుంది. ఈ పక్కనే ఉన్న బుక్కపట్నం చెరువు చిత్రావతి నీటిని పట్టి నిలుపుతుంది. శ్రీశైలం జలాశయం నుండి నీటిని ఎత్తిపోసి ఇంత దూరం తెచ్చే హంద్రీ-నీవా పథకం మన కాలపు ప్రయత్నం. చెరువు నిండిన ఏడు చుట్టుపట్ల బావుల్లో, బోర్లలో ఊట పెరుగుతుంది. మా ఖాలా బోరుకు మాత్రం ఆ అదృష్టం ఇంకా పట్టలేదు.

నేను వెళ్లేసరికి ఆమె పెరట్లో గడ్డపార పట్టుకుని ఉంది. సలామ్ చెప్పి, నా చేతి సంచి అందుకుని, "వచ్చావా బేటీ, మంచి సమయానికి వచ్చావు. ఆ రెండో మడి నువ్వు తవ్వు" అన్నది. నేను వచ్చిన పని ఆమెకు తెలియదని అనుకోవడం నా అమాయకత్వం. ఆమెకు ముందే తెలుసు.

పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు గల స్థలం. పైన ఎర్రమట్టి, జానెడు లోతు దిగితే గరుసు. గుంటూరులో మేము కూరగాయలకు మట్టిని ఎత్తుగా పోసి బోదెలు కడతాం. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుందని మా భయం. నేను అలవాటు చొప్పున మట్టిని పైకి ఎగదోయగానే ఖాలా ఆపింది. ఇక్కడ మడి చుట్టుపక్కల నేల కంటే నాలుగు అంగుళాలు పల్లంగా ఉండాలి. పోసిన ప్రతి చుక్కా అందులోనే దిగాలి, గాలి వేరును ఆరబెట్టకుండా గట్టు అడ్డు నిలవాలి. తవ్విన మట్టిలో సగానికి సగం మాగిన పశువుల ఎరువు కలిపాము. మొక్క మొలిచాక చుట్టూ వేరుశెనగ పొట్టు మందంగా పరచాలని పక్కనే రెండు గోతాలు సిద్ధంగా ఉంచింది. ఈ జిల్లాలో దొరకనిది ఏదైనా ఉండవచ్చుగాని శెనక్కాయ పొట్టుకు కొదవ లేదు.

ఆ తరువాత కుండలు తెచ్చింది. రంగు వేయని, నున్నని పూత లేని ఆరు మట్టికుండలు. ఒక్కొక్కటి అయిదు లీటర్లు పడుతుంది. మెడ వరకు నేలలో పాతి, నీరు పోసి, పైన మూత పెట్టాలి. మూత లేకపోతే నీరు ఆవిరవుతుంది, దోమలు చేరతాయి. చుట్టూ మట్టి ఎండే కొద్దీ కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు దానంతటదే ఊరుతుంది. మట్టి తడిగా ఉంటే ఊట ఆగుతుంది. అంటే మొక్క అడిగినంతే కుండ ఇస్తుంది. ఇది ఖాలా కనిపెట్టిన ఉపాయం కాదు. రెండువేల ఏళ్ల నాటి ఒక చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ పద్ధతి కనిపిస్తుంది. అయితే ఇక్కడి భూగర్భ జలంలో లవణాలెక్కువ. రెండు మూడేళ్లలో కుండ రంధ్రాలు పూడుకుపోతాయి. అప్పుడు పాతదాన్ని పెకలించి, పగులగొట్టి మడి అంచుకు పేర్చి, కొత్తది పాతుతుంది.

కుండ చుట్టూ జానెడు దూరంలో సొర గింజలు మూడేసి. రాత్రంతా నానబెట్టిన బెండ గింజలు ఒక వరుస, ఎండకు అంతగా బెదరని గోరుచిక్కుడు మరొక వరుస. తోటకూర, గోంగూర విత్తనాలు ఇసుకలో కలిపి చల్లాము. మా ఇళ్లలో గోంగూరను అంబాడా అంటాం, వేటమాంసంతో అది ఉడికే వాసనకు సాటి లేదన్నది నా పక్షపాతం. పుదీనా పాత తొట్టిలో, గోడ నీడన. ఫిబ్రవరి దాటాక కొత్తిమీర వేయవద్దని, వేడికి అది ఆకు వేయకుండా పూతకు వస్తుందని ఖాలా చెప్పింది. అయినా నా ముచ్చట కోసం ఒక చారెడు ధనియాలు నలిపి చల్లనిచ్చింది.

ఇక నీరు. ఈ వ్యాసానికి అసలు విషయం అదే.

పెరటి గోడ పక్కన సిమెంటు గట్టు ఒకటి ఉంది. సాయంత్రం అస్ర్ తరువాత వీధిలోని పిల్లలు పదిమంది దాకా ఖుర్ఆన్ నేర్చుకోవడానికి ఖాలా వద్దకు వస్తారు. ఆ గట్టు మీద కూర్చుని వుజూ చేస్తారు. గట్టు కింద సన్నని కాలువ తీసి ఆ నీటిని ఒక తొట్టిలోకి మళ్లించింది. నేను మరునాడు ఆసక్తి కొద్దీ కొలిచాను. నేను కుళాయి తిప్పి వుజూ చేస్తే బకెట్లో చేరినది నాలుగు లీటర్లకు పైమాటే. ఖాలా చెంబుతో చేస్తే లీటరు కూడా లేదు. నేను సిగ్గుపడ్డాను. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ ముగించేవారని సహీహ్ హదీసుల్లో ఉన్నది. ముద్ అంటే రెండు చేతులు కలిపి పట్టినంత, మన లెక్కలో లీటరుకు తక్కువే. ఈ మాట నేను ఎన్నోసార్లు చదివాను. కొలిచి చూసింది మాత్రం అదే మొదటిసారి.

పిల్లల వుజూ నీరు రోజుకు పన్నెండు పదిహేను లీటర్లు. బియ్యం, పప్పు, కూరలు కడిగిన నీరు మరో పది. ఇవి కూరమడికి. సబ్బు కలిసిన స్నానపు నీరు ఆకుకూరలకు పోయదు, అది మునగకు, కరివేపాకుకు వెళుతుంది. కుళాయి వచ్చిన రోజున కుండలు నింపుతుంది. "ఒక్కసారి వాడిన నీళ్లను పారబోయడానికి నాకు చేతులు రావు బేటీ" అన్నది, అంతే. బెంగుళూరు ప్రస్తావన తేవాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఏదో ఒక పని చెప్పింది. మూడోసారి తనే, "నేను వెళితే ఈ పిల్లలు ఎవరి దగ్గర చదువుతారు?" అని అడిగి, జవాబు కోసం నా ముఖంలోకి చూసింది. నా దగ్గర జవాబు లేదు. మరునాడే తిరుగు రైలెక్కాను.

మార్చి 2న రమజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. ఫోనులో తోట కబుర్లు వచ్చేవి. తోటకూర ఇరవై అయిదు రోజులకే కోతకు వచ్చింది. పక్కింటావిడ ఇచ్చిన రెండు టమోటా మొక్కలు పూతనంతా రాల్చేశాయి. పగటి వేడి అంతగా ఉంటే టమోటా పిందె కట్టదు. నా కొత్తిమీర, ఆమె చెప్పినట్టే, జానెడు ఎత్తులో తెల్లపూత పూసి నన్ను చూసి నవ్వింది. బెండ ఆకుల్లో ఈనెలు పసుపుబారడం మొదలుపెట్టగానే రెండు మొక్కలు పెరికి దూరంగా పారేసిందట. తెల్లదోమ మోసుకొచ్చే ఆ పల్లాకు తెగులుకు మందు లేదు. మిగిలినవాటికి వేపగింజల కషాయం కొట్టింది.

ఆ ఏడాది ఉగాది మార్చి 30న, ఈదుల్ ఫిత్ర్ ఆ మరునాడే. నేను పండుగకు మళ్లీ వెళ్లాను. ఆదివారం ఉదయం పక్కింటి నుండి ఉగాది పచ్చడి, బొబ్బట్లు వచ్చాయి. ఉపవాసంలో ఉన్నాం కనుక ఇఫ్తార్ దాకా మూతపెట్టి ఉంచాము. సోమవారం మా ఇంటి సేమియా ఆ గోడ దాటింది, దానితోపాటు గోంగూర కట్ట ఒకటి. సొర ఇంకా తీగ దశలోనే ఉంది. పందిరికి ఎక్కిన తీగకు తెల్లని పూలు సాయంత్రాల్లో విచ్చుకునేవి. చిలుకలు, ఉడుతలు బెండ పిందెలను కొరికి పోతుంటే నేను విసుక్కున్నాను. ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నది నాటినవారికి దానంగా వ్రాయబడుతుందన్న హదీసును ఖాలా గుర్తుచేసింది. గుర్తుచేసి, ఆ సాయంత్రమే పాత దోమతెర తెచ్చి బెండ వరుస మీద కప్పింది. దానం కొంత చాలునని ఆమె అభిప్రాయం కాబోలు.

మే నెల మొదట్లో, తమ్ముడు కూడా వచ్చిన రోజున, మొదటి సొరకాయలు కోశాము. గొర్రెమాంసంతో కలిపి వండింది. వడ్డిస్తూ హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన సంగతి చెప్పింది. ఒక దర్జీ దైవప్రవక్త (స)ను భోజనానికి పిలిచి బార్లీ రొట్టె, ఎండుమాంసంతో వండిన సొరకాయ పులుసు పెట్టాడు. ఆయన పళ్లెం అంచుల్లో సొరముక్కలు వెతుక్కుని తినడం చూసిన అనస్ (రజి)కు ఆనాటి నుండి సొరకాయ మీద ఇష్టం నిలిచిపోయింది. తమ్ముడికి చిన్నప్పటి నుండి సొరకాయ గిట్టదు. ఆ రోజు రెండుసార్లు వేయించుకున్నాడు. ఇల్లు అమ్మే మాట భోజనమయ్యేదాకా రాలేదు. తరువాత వచ్చింది, కొంచెం గట్టిగానే వచ్చింది. వేసవిలో ఒక్కతే కళ్లు తిరిగి పడిపోతే ఎవరు చూస్తారని అతడు అడిగాడు. అది న్యాయమైన ప్రశ్న. ఖాలా కాదనలేదు. పక్కింటి అమ్మాయి రోజూ రెండు పూటలా వచ్చి చూసి అతడికి ఫోను చేసేటట్టు, ఖాలా బిందెలు ఎత్తకుండా ఉండేటట్టు ఒడంబడిక కుదిరింది. ఏడాది తరువాత మళ్లీ మాట్లాడుకోవాలన్నది అతడి షరతు.

సాయంత్రం అతడు పందిరి కింద తిరుగుతూ అన్నిటికంటే పెద్ద కాయను చూసి, అది ముదిరిపోతోంది, కోయనా అని కత్తి అడిగాడు. "అది విత్తనానికి. తీగ మీదే ఎండాలి, ముట్టుకోకు" అన్నది ఖాలా. తరువాత ఇంట్లోకి వెళ్లి కొలత టేపు తెచ్చి అతడి చేతికిచ్చింది. వానాకాలం రాకముందే మిద్దె నుండి దిగే నీటిని పట్టడానికి గోడ పక్కన ఎంత పెద్ద ట్యాంకు పడుతుందో కొలవమన్నది.